మోచేతి కొలత

ఊరి చివర, కొండ మొదట్లో, రాతి పగులులోంచి పొగలు కక్కుతూ వెలువడే నీటిని కాలువలోకి మళ్ళించి కట్టిన స్నానశాల ఒకటి ఉండేది. అందులో మగవారి గుండానికి ముప్పై ఒక్క సంవత్సరాలుగా కాపలా ఉన్న మనిషిని జనమంతా మోచేతి బాబాయి అనేవారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఆఫీసు కాగితాల మీద భద్రంగానే ఉండేది గాని, ఆ పేరుతో ఎవరైనా పిలిస్తే ఆయన ఒక క్షణం ఆలస్యంగా పలికేవాడు. పిలిచినది తననేనా అని ఆ క్షణంలో ఒకసారి ఆలోచించుకునేవాడు.

ఆ బిరుదు ఊరికే రాలేదు. రాతిలోంచి వచ్చే నీరు వచ్చినది వచ్చినట్టుగా మనిషి మీద పడితే తోలు ఊడివస్తుంది. అందుచేత దానిని ఒక కాలువలోనూ, కొండవాగు చల్లనీటిని మరొక కాలువలోనూ తెచ్చి, రెండింటినీ ఒక రాతితొట్టిలో కలిపి, అక్కడినుంచి గుండంలోకి వదులుతారు. చల్లనీటి కాలువకు ఒక చెక్కపలక అడ్డం ఉంటుంది. పలకను ఎత్తేకొద్దీ గుండం చల్లబడుతుంది, దించేకొద్దీ వేడెక్కుతుంది. పొద్దున్నే ఆరుగంటలకు బాబాయి చొక్కా చెయ్యి పైకి మడిచి, గుండం మెట్టు మీద మోకాళ్ళూని, కుడి మోచేతిని నీళ్ళలో ముంచి ఇరవై లెక్కపెట్టేవాడు. ఇరవై అయ్యేదాకా మోచెయ్యి నిలిస్తే నీళ్ళు మంచివి. పన్నెండుకో పదమూడుకో చురుక్కుమంటే పలకను ఒక వేలిమందం ఎత్తి, పావుగంట ఆగి, మళ్ళీ ముంచేవాడు. తరువాత ఆఫీసు గదిలోకి వెళ్ళి, రిజిస్టరులో ఆనాటి తేదీకి ఎదురుగా 'నలభై డిగ్రీలు' అని గుండ్రటి అక్షరాలతో రాసేవాడు.

ఆఫీసువారు థర్మామీటరు ఇవ్వకపోలేదు. మొదటిది జారి పగిలింది. రెండవదాని అంకెలను గంధకపు నీరు ఆరునెలల్లో నల్లగా తినేసింది. మూడవది పెట్టెలోంచి బయటికి రాకుండానే మేనేజరు బల్ల సొరుగులో ఉండిపోయింది. తొలినాళ్ళలో పనిచేసిన ఒక పాత మేనేజరు రెండు నెలలపాటు ప్రతిరోజూ థర్మామీటరును, మోచేతిని పక్కపక్కన పెట్టి చూసి, ఒక్క డిగ్రీకి మించి తేడా కనిపించక, "గాజుకన్నా ఎముకే నయం" అని తేల్చి బదిలీ మీద వెళ్ళిపోయాడు. తరువాత వచ్చినవారెవరూ ఆ తీర్పును తిరగదోడలేదు.

కొత్తగా వచ్చిన ప్రతివాడూ తువ్వాలు భుజాన వేసుకుని అడిగే ప్రశ్న ఒకటే: ఇందులో దిగితే ప్రమాదం ఏమీ లేదు కదా అని. దానికి జవాబు బాబాయికి మనసు ప్రమేయం లేకుండానే నోటివెంట వచ్చేది.

"గుండె జబ్బుందా? షుగరుందా? ఒంటిమీద పుళ్ళున్నాయా? లేకపోతే దిగండి. తల ముంచొద్దు, ముక్కులోకి నీళ్ళు పోనివ్వొద్దు. పావుగంట దాటితే లేవండి. లేచేటప్పుడు గోడ పట్టుకోండి, కళ్ళు తిరుగుతాయి. తాగి దిగొద్దు. కడుపు నిండా తిని దిగొద్దు. బయటికొచ్చాక మంచినీళ్ళు తాగండి."

"ఇన్ని వద్దులుంటే ఇంక దిగేదెందుకు బాబాయ్?" అని ఎవడో ఒకడు నవ్వేవాడు.

"దిగొద్దనే చెప్తున్నా. వింటున్నావా నువ్వు?" అనేవాడు బాబాయి, నవ్వకుండా.

వినేవారు కారు. అరగంట కూర్చుని, ఒక్కసారిగా లేచి, కళ్ళు బైర్లుకమ్మి ఆయన మీద పడేవారు. పడినవారిని పట్టుకుని పట్టుకుని ఆయన కుడిభుజం ఒక పక్కకు దిగిపోయింది.

రోజూ అందరికన్నా ముందు గుండానికి వచ్చేది ఒక రిటైరైన బస్సు కండక్టరు. ఆయనకు పన్నెండేళ్ళుగా చక్కెర వ్యాధి. పాదాలలో స్పర్శ పోయింది. "చెప్పు ఊడిపోయినా తెలీదు బావా నాకు. వెనకనించి ఎవరో తెచ్చి అందిస్తే, ఇది నాదేనా అని కాలు చూసుకుంటాను," అని తన మీద తానే నవ్వుకునేవాడు. ఏ చుట్టరికమూ లేకపోయినా ఒకరినొకరు బావా అని పిలుచుకునే చనువు వారిది. గోడ మీది బోర్డు ప్రకారం, షుగరున్నవారిని డాక్టరు చీటీ లేకుండా గుండంలో దింపకూడదు. ఆరేళ్ళ కిందట, మొదటిరోజున, బాబాయి ఆ మాట అన్నాడు కూడా. కాని ముప్పై ఏళ్ళు కదిలే బస్సులో నిలబడి నడుము పట్టేసిన మనిషి, ఈ నీళ్ళ పుణ్యాన్నే నిటారుగా నిలబడగలుగుతానని బతిమాలుతుంటే కాదనలేకపోయాడు. నీరు బయటికి పోయే మూల కాస్త చల్లగా ఉంటుంది గనుక అక్కడే చివరి మెట్టు మీద కూర్చోవాలని, పది నిమిషాలకు మించకూడదని, తాను మోచెయ్యి ముంచి చూడనిదే కాలు పెట్టకూడదని మూడు షరతులు పెట్టి ఒప్పుకున్నాడు.

"నా కాళ్ళకి తెలీకపోతేనేం, నీ మోచేతికి తెలుస్తుందిగా," అన్నాడు కండక్టరు.

పది నిమిషాల షరతు మొదటి ఏడాదిలోనే పదిహేనుకు, తరువాత పేపరు పూర్తయ్యేదాకా సాగింది. మిగిలిన రెండు షరతులూ నిలిచాయి.

అది చలికాలపు ఉదయం. బాబాయి ఎప్పటిలాగే మోచేతిని ముంచి ఇరవై లెక్కపెట్టాడు. లేవడానికి బద్ధకించి ముప్పై దాకా అలాగే ఉంచాడు. చేతికి హాయిగా ఉంది. రిజిస్టరులో నలభై అని రాసి, పై కాలువ జాలీలో చిక్కిన ఆకులు తీయడానికి కొండ ఎక్కాడు. ఆకులు గుప్పెడే దొరికాయి. పని ఆకులతో కాక మోకాళ్ళతో కావడం వల్ల అరగంట పైగా పట్టింది. దిగివచ్చేసరికి గుండం దగ్గర, రోజూ వచ్చే దర్జీ ఒంటికాలి మీద నిలబడి, రెండవ పాదాన్ని రెండు చేతులతో పట్టుకుని ఊదుకుంటున్నాడు.

"ఇవి స్నానానికా బాబాయ్, వంటకా?" అన్నాడు. "బొటనవేలు పెట్టాను, అంతే."

మూలన పై మెట్టు మీద కండక్టరు కాళ్ళు చీలమండల దాకా నీళ్ళలో పెట్టుకుని పేపరు చదువుకుంటున్నాడు. దర్జీ మాట విని తల ఎత్తి, "నాకేం అనిపించట్లేదే," అన్నాడు. అని, చూద్దామని ఒక కాలు బయటికి తీశాడు. పాదం ఉడికిన రంగులో ఉంది. మడమ దగ్గర చర్మం కాచిన పాల మీది మీగడలా ముడతపడి పక్కకు జరిగింది. కండక్టరు దానిని కొంతసేపు, ఎవరి కాలునో చూసినట్టుగా చూశాడు.

"బావా," అన్నాడు మెల్లగా, "ఇది నాదే."

నొప్పి లేదు. నొప్పి లేకపోవడమే అక్కడున్నవారికి భయం పుట్టించింది. బాబాయి చల్లనీళ్ళు చెంబులతో పోస్తూ కూర్చున్నాడు. దర్జీ పరుగెత్తి బండి పిలుచుకొచ్చాడు. ఇద్దరూ కలిసి ఆయనను ఎత్తి కూర్చోబెట్టి ఆసుపత్రికి పంపారు.

మేనేజరు నలభై ఏళ్ళ స్త్రీ. ఈ స్నానశాలా, దాని వెనకనున్న పార్కూ, రెండు నీళ్ళ ట్యాంకులూ, వాటి మీద వచ్చే ఫిర్యాదులూ అన్నీ ఆమె ఒక్కదాని నెత్తి మీదే ఉండేవి. ఆమె సొరుగులోంచి పెట్టె తీసి, చుట్టిన ప్లాస్టిక్ కాగితం విప్పి, థర్మామీటరును గుండంలో ముంచింది. నలభై ఏడు చూపింది. దులిపి మరొకసారి ముంచింది. నలభై ఏడే.

"పొద్దున మీరు రాసింది నలభై కదండీ."

"నేను చూసినప్పుడు నలభయ్యేనమ్మా."

"మరి గంటలో ఏడు ఎలా పెరిగింది?"

"పై కాలువలో ఆకులడ్డం పడి చల్లనీళ్ళు తగ్గుంటాయి," అన్నాడు. అన్న తరువాత ఆ గుప్పెడు ఆకులు కళ్ళముందు మెదిలాయి గాని, మాట అప్పటికే నోరు దాటింది.

ఆమె రాసుకుంది. "ఆయనకి షుగరుందని మీకు తెలుసా?"

తెలుసంటే, బోర్డు మీది నియమాన్ని ఆరేళ్ళుగా తోసిపుచ్చినట్టు. పదవీ విరమణకు ఏడు నెలలున్న మనిషికి ఆ ఏడు నెలలు దక్కవు. తెలియదంటే, నేరం మంచం మీదున్న కండక్టరుది. బాబాయి పరిస్థితి అడకత్తెరలో పోకచెక్క అయింది.

"గుర్తులేదమ్మా," అన్నాడు.

కాగితంలోకి వెళ్ళేసరికి ఆ మాట 'తెలియదు' అయింది. సదరు వ్యక్తి తన వ్యాధిని దాచి, బోర్డును లక్ష్యపెట్టక గుండంలో దిగినందున గాయపడినాడనీ, ఇకమీదట అతనికి ప్రవేశము లేదనీ ఆమె నాలుగు వాక్యాలు రాసి చదివి వినిపించింది. ఆమె గొంతులో అనుమానం లేదు. తొందరగా తెమిలితే చాలునన్న అలసట మాత్రమే ఉంది. బాబాయి సంతకం చేశాడు. మర్నాటినుంచి గుండం మామూలుగానే తెరవాలని ఆమె చెప్పింది.

ఆయన ఇల్లు రెండు గదులది. వెనక రేకుల కప్పు కింద స్నానాల గది. రోజంతా వేడినీళ్ళ దగ్గర ఉండే మనిషికి ఇంట్లో మళ్ళీ వేడినీళ్ళేమిటని ఇరుగుపొరుగువారు నవ్వేవారు గాని, పదిమందీ దిగిన నీళ్ళు ఆయనకు స్నానం కిందికి వచ్చేవి కావు. ఆ సాయంత్రం ఆయన భార్య బక్కెట్టులో నీళ్ళు తోడి పిలిచింది. ఆయన చెయ్యి ముంచి, "చల్లగా ఉన్నాయి, ఇంకో చెంబు పొయ్యి," అన్నాడు, రోజూ అనే మాటే.

ఆమె చెంబు పట్టుకుని వంగింది, ఆగింది. రోజూ చేసే పని చేయడానికి ఆ పూట ఆమెకు చేతులు రాలేదు. కండక్టరు సంగతి మధ్యాహ్నమే వీధిలో ఆమె చెవిన పడింది.

"ఒక మాట చెప్తాను, కోప్పడకండి."

"ఏమిటి?"

"ఏడాదిగా నేను మీకు వేడినీళ్ళు పోయడం లేదు. మీరు చల్లగా ఉన్నాయన్నప్పుడల్లా కుళాయి నీళ్ళే ఒక చెంబు పోస్తున్నాను. మీరు ఆఁ, ఇప్పుడు బావుంది అని పోసుకుంటున్నారు."

బాబాయి బక్కెట్టు వైపు చూశాడు. నీటి మీద ఆవిరి లేస్తూనే ఉంది.

"ఎందుకలా?"

"మొదట్లో ఒకసారి మీరన్నట్టే మరిగేవి పోశాను. వీపంతా కందిపోయింది. మీరేమో హాయిగా ఉందన్నారు. వేడినీళ్ళ మనిషి కదా, ఒళ్ళు రాటుదేలిపోయిందేమో అనుకున్నాను. చెప్తే వింటారా? మీరు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు."

"ఎవరితోనైనా అన్నావా?"

"ఎవరితో అంటాను? మా ఆయనకి చెయ్యి మొద్దుబారిందని వీధిలో టముకు వేయించనా?"

ఆయనకు కోపం రాలేదు. వంటింట్లోంచి మూడు గిన్నెలు తెమ్మన్నాడు. ఒకదానిలో చంటిపిల్లకు పోసేపాటి నీళ్ళు, ఒకదానిలో అంతకన్నా వేడివి, మూడవదానిలో వేలు పెట్టలేనంత వేడివి కలపమని, ఏది ఏదో తనకు చెప్పవద్దని అన్నాడు. పీట వేసుకుని కూర్చుని, చొక్కా చెయ్యి మడిచి, కళ్ళు మూసుకున్నాడు. పరీక్షకు కూర్చున్న పిల్లవాడిలా ఉన్నారని ఆమె ఇంకెప్పుడైనా అయితే ఎగతాళి చేసేది.

మొదటి గిన్నెలో ముంచి, "ఇవి చల్లనివి," అన్నాడు. రెండవదానిలో ముంచి, "ఇవీ చాలవు," అన్నాడు. మూడవదానిలో ముంచి లెక్క మొదలుపెట్టాడు. తొమ్మిదికి వచ్చేసరికి ముఖం తేటపడింది.

"ఇవీ, మన గుండం నీళ్ళు. నలభై."

ఆమె గిన్నెను లాగేసుకుంది. కళ్ళు తెరిచేసరికి ఆమె తన వేళ్ళు కొంగులో చుట్టుకుని ఉంది. అడగవలసినది ఏమీ మిగలలేదు. ఆయన మోచెయ్యి అప్పటికే ఎర్రబడుతోంది. దానిని ఆయన తుడుచుకుని, మడత విప్పి, చొక్కా బొత్తాము పెట్టుకున్నాడు.

"ముందు మీరు రక్తం పరీక్ష చేయించుకోండి," అంది ఆమె. "మీకూ షుగరేమో."

"చేయించుకుంటాలే."

ఆయన మనసు అక్కడ లేదు. ఏడాదిగా ఆ మోచేతిని నమ్మే నలభై అని రాస్తూ వచ్చాడు. మరి ఆ ఏడాదిలో నిన్నటిదాకా ఒక్కరికీ ఎందుకు ఏమీ కాలేదు? ఆ ముడి ఎంతకూ విడలేదు.

మర్నాడు పొద్దున పలకను పూర్తిగా ఎత్తేసి, మోచెయ్యి ముంచకుండానే తలుపు తీశాడు. నీళ్ళు చప్పగా ఉన్నాయని వచ్చినవారు గొణిగారు. గొణగనిచ్చి, పది గంటలకు ఆసుపత్రికి బయలుదేరాడు. వార్డు పొడవాటిది. కిటికీ దగ్గరి మంచం మీద కండక్టరు రెండు పాదాలూ కట్టుతో దిండు మీద పెట్టుకుని ఉన్నాడు.

"రా బావా. తలకి చుట్టాల్సిన పాగా కాళ్ళకి చుట్టారు చూడు."

"డాక్టరేమన్నాడు?"

"రెండు నెలలు కాలు కింద పెట్టొద్దన్నాడు. ఎడమకాలి వేళ్ళ సంగతి వారం పోయాక చెప్తాడట. ఉంటే ఉంటాయి. వాటితో నాకు మాటల్లేక చాలా ఏళ్ళయింది."

బాబాయి మంచం అంచున కూర్చున్నాడు. "నువ్వు జబ్బు దాచావని కాగితం రాశారు. నేను సంతకం పెట్టాను."

"తెలుసు. ఇక్కడికొచ్చి చదివి వినిపించారు. నేనూ పెట్టాను."

"నువ్వెందుకు పెట్టావు?"

"నీ పేరు రాకుండా తేలిపోతుంది కదా అని."

నర్సు వచ్చి పక్క మంచం దుప్పటి మార్చి వెళ్ళింది.

"నా మోచెయ్యి చచ్చిపోయింది బావా," అన్నాడు బాబాయి. "నిన్న సాయంత్రం తెలిసింది. ఏడాదై ఉంటుంది. ఒకటే అర్థం కావట్లేదు. ఇన్నాళ్ళూ ఎవరూ ఎందుకు కాలలేదు?"

కండక్టరు కిటికీ వైపు చూశాడు. చూడడానికి అక్కడ ఎదుటి గోడ తప్ప ఏమీ లేదు.

"పలక నేనెత్తేవాణ్ణి," అన్నాడు.

"ఏమిటీ?"

"నువ్వు రిజిస్టరు రాయడానికి లోపలికెళ్ళగానే నేను పలక రెండు వేళ్ళు ఎత్తేవాణ్ణి. దర్జీ వచ్చి వేలు పెట్టి చూసి ఊఁ అంటే అప్పుడు దిగేవాళ్ళం. సాయంత్రం ఆఖర్న పోయేవాడు మళ్ళీ నీ గుర్తు దాకా దించిపోయేవాడు. పోయిన చలికాలం నించీ అంతే."

"అందరికీ తెలుసా?"

"రోజూ వచ్చే పదిమందికీ తెలుసు."

"నాకొక్కడికే తెలీదన్నమాట."

"ఎలా చెప్పమంటావు? ముప్పై ఏళ్ళు మమ్మల్ని కాచిన చెయ్యి. అది పనికిరాదని నీ మొహం మీద ఎవడనగలడు? నువ్వను, నువ్వను అని ఒకళ్ళ మీద ఒకళ్ళు నెట్టుకున్నాం. మొహమాటానికి పోతే ఏదో అయిందని సామెత ఉంది చూడు. మాకు అదయింది."

"మరి నిన్నెందుకు ఎత్తలేదు?"

"నడుం పట్టేసింది. పలక దాకా వంగలేకపోయాను. దర్జీ వచ్చాక వాడితో ఎత్తిద్దాంలే, ఈలోపు కాళ్ళు పెట్టుకుంటే ఏమవుతుందని కూర్చున్నాను. నీ మోచెయ్యి పనిచెయ్యదని తెలిసి కూడా నమ్మాను బావా. అలవాటు."

"ఊరందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితిలో పడ్డట్టుంది నా పని," అన్నాడు బాబాయి.

"పడితే పడ్డావులే. ఏడు నెలలేగా. దర్జీకి చెప్తాను, ఇకనించి పలక వాడెత్తుతాడు. నువ్వు ఎప్పట్లా ముంచు, రాయి. వాడు సర్దుతాడు. నన్ను రానివ్వకపోతే పోనీ, ఇంట్లో బక్కెట్టులో పెట్టుకుంటాను నడుం. ఇంక ఎవరికీ ఏమీ తెలియక్కర్లేదు."

అందులో కుదరనిదేమీ లేదు. ఏడాది నడిచినది ఏడు నెలలు నడవకపోదు. ఆయన దానిని గురించి వెంటనే కాదనలేదు కూడా. దుప్పటి అంచు సరిచేసి, మంచినీళ్ళ గ్లాసు చేతికందేటట్టు జరిపి, లేచాడు. ఆసుపత్రి మెట్లు దిగుతూ, దర్జీకి కూడా ఒకరోజు నడుము పట్టేస్తుంది గదా అనుకున్నాడు. లేదా పెళ్ళికి ఊరు వెళతాడు, లేదా జ్వరం వస్తుంది. ఆ రోజున కొత్తవాడెవడో తువ్వాలు భుజాన వేసుకుని వస్తే, ఎవరికీ ప్రమాదం లేదని నమ్మకంగా చెప్పేది తానే. కండక్టరు విషయం వేరు. ఆయన అబద్ధం ఆడలేదు, దేనినీ దాచలేదు. మొదటిరోజే వచ్చి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆ మాట తెలిసినవారు లోకంలో ఇద్దరే, ఇద్దరూ కాదని సంతకం పెట్టారు. బస్సు కోసం నిలబడే ఓపిక లేక, అలా అని నడిచే ఓపిక కూడా లేక, నడిచాడు.

మేనేజరు ఫైళ్ళు సర్దుకుంటోంది.

"నిన్నటి కాగితం మార్చాలమ్మా."

"పంపేశాను బాబాయ్ గారూ."

"అయితే ఇంకొకటి పంపాలి."

నిలబడే చెప్పాడు. మోచేతి సంగతి, గిన్నెల సంగతి, గుప్పెడు ఆకుల సంగతి, ఆరేళ్ళ కిందటి షరతుల సంగతి, పలక సంగతి. ఆమె మొదట రాసుకోబోయి, సగంలో పెన్ను పక్కన పెట్టేసింది.

"ఇది రాస్తే ఏమవుతుందో తెలుసా? ఇవాళే గుండం మూసేస్తారు. మీమీద విచారణ. నామీదా విచారణే, కొత్త థర్మామీటరు సొరుగులో పెట్టుకుని కూర్చున్నానని."

"తెలుసమ్మా."

"ఏడు నెలలు ఓపిక పట్టండి. రేపటినించి థర్మామీటరు నేనే ముంచి చూస్తాను. నీళ్ళ సంగతి సరిపోతుంది."

"నీళ్ళ సంగతి సరిపోతుంది. ఆయన మీద రాసింది అబద్ధం కదమ్మా."

ఆమె నుదురు రుద్దుకుంది. "సరే. రాస్తాననుకోండి. పైవాళ్ళు నమ్మాలి కదా? ఏడాదిగా నీళ్ళు కాలిపోతున్నాయంటున్నారు, నా దగ్గర ఒక్క ఫిర్యాదు లేదు. ముసలాయన స్నేహితుణ్ణి కాపాడుకోడానికి చెప్తున్నాడంటారు. మీ ఉద్యోగమూ పోతుంది, ఆయన మీద రాసిందీ అలాగే ఉంటుంది. మీ మాటకి ఇంకెవరైనా తోడున్నారా?"

బాబాయి ఆలోచించాడు. "ఉన్నారమ్మా. సాయంత్రం వస్తారు."

తన మాట వరకు తాను సొంత దస్తూరితో ఒక పేజీ రాసి, సంతకం చేసి, బల్ల మీద పెట్టాడు. మూడు గంటలకు ఆమె గుండం తలుపుకు గొలుసు వేయించింది. అయిదు గంటలకు రోజూ వచ్చేవారు తువ్వాళ్ళతో వచ్చి, గొలుసును చూసి, తలుపు ముందు గుంపుగా నిలబడ్డారు. తొమ్మిదిమంది ఉన్నారు.

"ఏమిటి బాబాయ్, తెరవ్వా?" అన్నాడు దర్జీ.

"తెరవను. నా మోచెయ్యి పనిచెయ్యట్లేదు. మీకందరికీ తెలుసట కదా."

ఒకడు తువ్వాలు మడత విప్పి మళ్ళీ మడిచాడు. ఇంకొకడు గొలుసుకున్న తాళాన్ని శ్రద్ధగా చదివాడు.

"అబ్బే, అలా అనేం లేదు బాబాయ్," అన్నాడు దర్జీ. "ఎప్పుడో ఒక్కో రోజు కాస్త ఎక్కువుండేవి, అంతే."

"కాస్త అంటే ఎంత?"

"కాస్త."

"దర్జీవి. కొలత చెప్పడం చేతకాదూ?"

ఎవరో ముక్కులోంచి నవ్వారు. ఆ నవ్వుతో ఎక్కడో ముడి వదిలింది. గుంపులో ఉన్న పోస్టుమాన్ మెల్లగా పంట్లాము పైకి లాగి పిక్క చూపించాడు. అరచెయ్యంత మచ్చ. "వానాకాలంలో. పలక ఎత్తక ముందే దిగాను. ఇంట్లో ఇస్త్రీపెట్టె తగిలిందని చెప్పాను," అన్నాడు. తన తమ్ముడు కళ్ళు తిరిగి మెట్ల మీద పడ్డాడని ఇంకొకడన్నాడు. నెల రోజులపాటు భయంతో పైపైన నీళ్ళు చల్లుకుని పోయానని మరొకడన్నాడు. ఏడాదిగా పళ్ళ బిగువున ఆపుకున్న మాటలు ఒకదాని మీద ఒకటి వచ్చిపడ్డాయి. కాసేపటికి అవి సంగతులు చెప్పడం మానుకుని తిట్లయ్యాయి.

"అసలు ఆ థర్మామీటరు ముట్టుకుంటే నీ సొమ్మేం పోయింది బాబాయ్? అంత పంతమేమిటి?"

"రోజూ నీకు తెలీకుండా దొంగల్లాగ పలకెత్తడం మాకేమన్నా సరదానా?"

బాబాయి వింటూ నిలబడ్డాడు. తిట్టేవారు తిట్టి తిట్టి అలిసి, తాము అన్నదానికి తామే సిగ్గుపడి ఆగేదాకా నిలబడి, అప్పుడన్నాడు.

"ఇవన్నీ లోపలికెళ్ళి ఆవిడకి చెప్పండి. రాసుకుంటుంది. సంతకాలు పెట్టండి."

"నీమీద మేం రాసిచ్చేదేమిటి బాబాయ్?" అన్నాడు దర్జీ, గొంతు తగ్గించి. "నోటికొచ్చి ఏదో అన్నాం. నీ ఉద్యోగం పోతుంది."

"మీరు చెప్పకపోయినా పోతుంది. నాది నేను రాసిచ్చేశాను. మీరు చెప్తే కండక్టరు మీద పడ్డది లేచిపోతుంది. చెప్పకపోతే ఆయనే దొంగ. మొహమాటపడి నాకు చెప్పలేదు, సరే. ఆయన దగ్గర కూడా మొహమాటపడతారా?"

ఎవరూ ముందుకు కదలలేదు, అలా అని ఎవరూ వెళ్ళిపోలేదు. చివరకు దర్జీ తువ్వాలు మెడలోంచి తీసి పక్కవాడి చేతికిచ్చి, చొక్కా సర్దుకుని, ఆఫీసు గదిలోకి వెళ్ళాడు. చెప్పేవారు కూర్చోవడానికి గదిలో కుర్చీ లేదని బాబాయి తన ముక్కాలిపీట లోపలికి అందించి, తాను గోడకు ఆనుకుని నిలబడ్డాడు. మోకాళ్ళు లాగుతున్నాయి. సగం తెరిచిన తలుపులోంచి మాటలు వినబడుతున్నాయి.

"అంటే మేడమ్, ఒక్కో రోజు కాస్త వేడిగా..."

"కాస్త అంటే?"

బాబాయి కళ్ళు మూసుకున్నాడు.

"మూడు లెక్కపెట్టేలోపు వేలు తీసెయ్యాల్సొచ్చేది మేడమ్," అన్నాడు దర్జీ. "రోజూ."

పెన్ను కాగితం మీద కదిలిన చప్పుడు వినిపించింది. బాబాయి కళ్ళు తెరిచి, తరువాతి వంతు ఎవరిదని చూశాడు. పోస్టుమాన్ వెనక్కి వెనక్కి జరుగుతున్నాడు. ఆయన వెళ్ళి భుజం మీద చెయ్యి వేసి అతణ్ణి తలుపు దగ్గరికి తెచ్చాడు.

"నువ్వు తయారుగా ఉండు," అన్నాడు. "ఆ పంట్లాము ఇక్కడే పైకి మడుచుకో. లోపలికెళ్ళాక సిగ్గుపడి చూపించకుండా వచ్చేస్తావు."